మగ్గం దగ్గర మల్కిభరాముడు

హైదరాబాదు నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని కొంత దూరం పోయాక ఎడమకు తిరిగితే పోచంపల్లి. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా అయింది గానీ, పెద్దవాళ్ల నోట ఇంకా నల్లగొండ జిల్లాయే. నేను వెళ్లింది తేలియా రుమాలు నేసేవాళ్ల ఇల్లు చూద్దామని. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి తయారుచేసే బట్ట అది. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగు ఉండదు. ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకు తలపాగా గుడ్డగా పోయేది. హైదరాబాదులో ముస్లిం ఇళ్ల ఆడవాళ్లు దుపట్టాగా కప్పుకునేవారు. ఎన్నిసార్లు ఉతికినా ఆ నూనె వాసన పూర్తిగా పోదు.

వసారాలో ఆ ఇంటి కోడలు ఆసు పోస్తోంది. సగం చక్రంలా వరుసగా దిగ్గొట్టిన పుల్లలకూ ఎదురుగా ఉన్న ఒంటి పుల్లకూ మధ్య పోగును అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు తిరగాలి. భుజాలు పడిపోతాయి. తల్లి పడే ఆ నొప్పి చూడలేకే ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. లోపల ఇంటి పెద్దాయన చిటికి కడుతున్నాడు. పాత సైకిలు ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పోగులు ఆయన మోకాలి పక్కన కుప్పగా ఉన్నాయి. బిగించి పట్టిన నూలు మీద గీసిన గుర్తు చూసుకుని, బొటనవేలితో నొక్కి, రబ్బరును గట్టిగా చుట్టి, కొస లాగి ముడి బిగిస్తాడు. రంగులో ముంచితే కట్టిన చోటు తెల్లగా మిగలాలి. ముడి వదులైతే రంగు లోపలికి పాకుతుంది, ఆ పువ్వు చెడిపోతుంది. ఆయన చూపు దాని మీద నుంచి కదలదు గానీ నోరు మాత్రం ఆగదు.

ఆ పెద్దాయన చదువరి. బడికి పోయింది తక్కువే అయినా గ్రంథాలయంలో సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' మొత్తం చదివిన మనిషి. ఆయన మనవడు ఇంజినీరింగు చదువుతున్నాడు, సెలవులకు వచ్చాడు. నేను చరిత్ర మీద వ్యాసాలు రాస్తానని తెలియగానే కుర్చీ లాక్కుని నా ఎదుట కూర్చున్నాడు.

"సార్, ఒక్కటి అడుగుత. సూటిగ చెప్పాలె. గోల్కొండ సుల్తాన్లు మన గుళ్లను కాపాడిన్రా, దోసుకున్నరా?"

నేను నోరు తెరిచేలోపే తాత అందుకున్నాడు. "ఏం మాట్లాడుతున్నవురా? మల్కిభరాముడంటే ఎవరనుకున్నవు? తెలుగు కవులకు పల్లకీలు, ఊళ్లు ఇచ్చిన రాజు. రాముని కథ రాసినోనికి సన్మానం జేసిండు."

"మరి అహోబిలం సంగతేంది తాతా?" అంటూ తనకెవరో పంపిన వీడియోను ఫోనులో చూపించాడు మనవడు.

చిటికి కట్టే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తాతకు అహోబిలం సంగతి తెలియదు. మనవడికి రామకథ రాసిన కవి సంగతి తెలియదు. ఇద్దరూ మాట్లాడేది ఒకే సుల్తాను గురించి. వాళ్లిద్దరూ నా వైపు తిరిగారు.

మల్కిభరాముడని తెలుగువాళ్లు పిలుచుకున్న ఇబ్రహీం కులీ కుతుబ్ షా కథ నల్లగొండ, పాలమూరు మనుషులకు దూరపు కథ కాదు. 1543లో ముసలి సుల్తాన్ కులీని హత్య చేయించి కొడుకు జంషీద్ గద్దెనెక్కినప్పుడు, చిన్నకొడుకు ఇబ్రహీం మన దేవరకొండలోనే ఉన్నాడు. ప్రాణం దక్కించుకోవడానికి బీదరు పోయి, అక్కణ్ణుంచి విజయనగరం చేరాడు. అళియ రామరాయలు అతన్ని ఏడేళ్లు తన దగ్గర పెట్టుకుని ఆదరించాడు. అతను తెలుగు మీద ప్రేమ పెంచుకున్నది అక్కడేనంటారు. 1550లో జంషీద్ చనిపోయాక గోల్కొండలో గద్దె తగాదా మొదలైంది. కోటలు కాసే తెలుగు సైనికులైన నాయకవాడీల పెద్ద జగదేవరావు, భువనగిరి కోటలో బందీగా ఉన్న ఇంకో రాకుమారుడు దౌలత్ కులీని సుల్తానును చేయాలని చూశాడు. ఈలోగా ఇబ్రహీం దక్షిణం నుంచి పాలమూరు వైపున్న కోయిలకొండకు వచ్చి దిగాడు. ఆ కోటలోని నాయకవాడీలు అతని పక్షాన నిలబడతామని మాట ఇచ్చిన సంగతి చెప్పే తెలుగు శాసనం కోయిలకొండలోనే ఉంది. గోల్కొండ గద్దె అతనికి దక్కింది తెలుగు సైనికుల అండతో, హిందూ రాజు నీడలో బతికి వచ్చాక.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఏలాడు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అతనికి అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవికి చింతలపాలెం అగ్రహారం దక్కింది. అతని అధికారి అమీన్ ఖానుకు పొన్నిగంటి తెలగన్న 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో తొలి కావ్యం అది. పెద్దాయన చెప్పిన రామకథ కవి మరింగంటి సింగరాచార్యులు, మన నల్లగొండ సీమవాడే. పెదవులు కలిసే అక్షరం ఒక్కటి కూడా రాకుండా 'దశరథరాజనందన చరిత్ర' రాశాడు. వైష్ణవుడు. ఆయనకు మల్కిభరాముడు సన్మానం చేశాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి.

ఇంతవరకూ చెప్పేసరికి పెద్దాయన ముఖం వెలిగిపోయింది. మనవడు చేతులు కట్టుకుని, "మరి అహోబిలం?" అని మళ్లీ అడిగాడు. ఆ పిల్లవాడు అడగడం నాకు నచ్చింది. చాలా సభల్లో చూశాను, ఈ కవుల పేర్లు చెప్పి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోతారు. అహోబిలం మాట రానివ్వరు.

అహోబిలం నిజమే. 1579లో, ఇబ్రహీం చనిపోవడానికి ఏడాది ముందు, గోల్కొండ సైన్యం కృష్ణ దాటి దక్షిణానికి పోయింది. దారిలో నరసింహస్వామి క్షేత్రాన్ని దోచుకుంది. కెంపులు తాపిన విగ్రహాన్ని తెచ్చి సుల్తానుకు కానుకగా సమర్పించారు. ఇది ఎవరో పగవాళ్లు కల్పించినది కాదు. గోల్కొండ వైపు పారశీక చరిత్రకారులే గొప్పగా రాసుకున్నారు. అటు అహోబిలంలో ఒక శాసనం కూడా ఉంది. విజయనగర రాజు శ్రీరంగరాయల కాలంలో, 1584 ప్రాంతంలో వేసింది. ఇభరాముడు, అంటే ఇబ్రహీం, హండేవాళ్లతో కలిసి వచ్చి అహోబిలాన్ని పట్టుకున్నాడనీ, అయిదారేళ్లు ఆ చోటు వాళ్ల చేతిలోనే ఉందనీ, మఠం జియ్యరుగారు మొరపెట్టుకుంటే కొండరాజు వంశపువాళ్లు యుద్ధం చేసి తిరిగి తెచ్చి స్వామికి అప్పగించారనీ అందులో ఉంది.

"చూసినవా తాతా" అన్నాడు మనవడు.

"ఇంకా ఉంది, విను" అన్నాను. "ఆ దాడికి నాయకత్వం వహించిన సేనాపతి పేరు మురహరి రావు. మరాఠీ బ్రాహ్మణుడు. శాసనంలో పేరున్న హండేవాళ్లూ హిందూ నాయకులే."

మనవడు కొంచెం సేపు ఆలోచించాడు. తర్వాత అడిగిన ప్రశ్నకు నేను చాలా మంది పండితుల దగ్గర కూడా జవాబు వినలేదు. "సేనాపతి ఎవరైతే ఏంది సార్? కానుక తీసుకున్నదెవరు?"

కానుక తీసుకున్నది సుల్తానే. మురహరి రావు పేరు చెప్పి సుల్తానును తప్పించడానికి వీల్లేదు. ఆ పేరు చెప్పడం వల్ల మనకు తెలిసేది వేరే సంగతి. దండు మతంతో కట్టిన దండు కాదు, కొలువుతో కట్టిన దండు. బ్రాహ్మణ సేనాపతి నరసింహుడి సొమ్ము తీసుకుపోయి ముస్లిం సుల్తాను కాళ్ల దగ్గర పెట్టాడంటే, ఆ ఇద్దరికీ అది శత్రురాజు కొలిచే దైవం, శత్రురాజు ఖజానా. తన రాజ్యం లోపలి గుడి జోలికి పోకపోవడం, తన కవికి ఊరు ఇవ్వడం, అవతలి రాజు గుడిని కొల్లగొట్టడం ఒకే మనిషి ఒకే లెక్కతో చేశాడు. 1565 జనవరిలో తనకు అన్నం పెట్టిన రామరాయల మీదికి మిగతా సుల్తాన్లతో కలిసి దండెత్తినవాడూ ఈ ఇబ్రహీమే. దానికీ ఈ లెక్కే కారణం.

అలా అని అన్నీ ఒకటే అనడం కూడా నాకు ఇష్టం లేదు. ఇలాంటి వాదనలో ఎవరో ఒకరు కృష్ణరాయల పేరు తీస్తారు. 1514లో గజపతుల నుంచి ఉదయగిరి గెలుచుకున్నప్పుడు అక్కడి బాలకృష్ణుణ్ణి ఆయనా హంపికి తీసుకుపోయాడు, నిజమే. ఉదయగిరివాళ్లకు స్వామి పోయాడు. కానీ హంపిలో ఆ స్వామికి గుడి కట్టారు, పూజలు జరిగాయి. అహోబిలం కెంపుల విగ్రహానికి గోల్కొండలో గుడి లేదు. మొక్కేవాడి కంటికి ఆ తేడా చిన్నది కాదు. దాన్ని మనం కొట్టిపారేస్తే అవతలి మనిషి మన మాట వినడం మానేస్తాడు. వినకపోవడం అతని తప్పూ కాదు.

అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ఆ గల్లీలోనే కుట్టుమిషను పెట్టుకున్న చాచా వచ్చాడు. అంచులు కుట్టిన చీరలు ఇచ్చిపోవడానికి వచ్చాడట. ఆయన్ను చూడగానే గదిలో మాట ఆగిపోయింది. మనవడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. పెద్దాయన "రా భాయ్, కూసో. ఏమే, చాయ తేండ్రి" అంటూ గొంతు పెంచాడు.

ఆ మౌనం నన్ను బాధపెట్టింది. ఏ పాపం ఎరగని మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే మనం మాట ఆపేశామంటే, నాలుగున్నర శతాబ్దాల కిందటి సుల్తానుకు ఆయన్ను వారసుడిని చేసినట్టే. మర్యాద కోసం ఆపామనుకుంటాం. చాచా ముందు అహోబిలం మాట ఎత్తకూడదని మనకు అనిపించడంలోనే ఆయన మీద వేసిన నింద ఉంది. అందుకే నేను ఆపలేదు. "చాచా, ఇబ్రహీం కుతుబ్ షా అహోబిలం గుడి దోచిన సంగతి మాట్లాడుకుంటున్నాం" అన్నాను.

చీరల మూట కింద పెట్టి ఆయన తాపీగా అన్నాడు. "దోసుకుంటే దోసుకున్నట్టే గద సార్. అండ్ల దాసేదేముంది? గా కెంపులల్ల మా తాతకైతే వాట రాలే. మా తాతది గూడ కూలి బతుకే."

పెద్దాయన నవ్వాడు. కానీ ఆ నవ్వు తర్వాత ఆయన అన్న మాట ఆ రోజంతా నా వెంట వచ్చింది. "భాయ్, నీతోని అబద్ధం ఆడను. ఇబ్రహీం మంచోడని పుస్తకంల సదివిన. నోటితోని గదే చెప్త. గుండెల మాత్రం రజాకారే ఉన్నడు. మా నాయిన గడ్డివాముల దాక్కున్నడు. మా అవ్వ సచ్చేదాక ఆ రాత్రి సంగతే చెప్పేది."

చాచా తల ఊపాడు. "మా నాయిన గూడ దాక్కున్నడు. మిలిటరీ వచ్చినంక." ఆ తర్వాత చాయ్ వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడలేదు.

ఈ నేల మీద జరిగే గుడి వాదన వేడెక్కేది 1579 వల్ల కాదని నాకు ఆ క్షణాన అర్థమైంది. నిజాం పాలన ముగిసిన 1948 సెప్టెంబరు 17కు ముందూ వెనకా జరిగినవి ఇంకా ఇళ్లలో కథలుగా బతికే ఉన్నాయి. నిజాం వైపు రజాకార్లు చేసిన ఊళ్ల దహనాలు, ఆ వెంటనే ముస్లిం ఇళ్ల మీద పడ్డ కష్టాలు, ఆ తర్వాత కూడా సాగిన సాయుధ పోరాటం. ఆ మంటలు చల్లారకముందే 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికే నడిచి వచ్చాడు. వెదిరె రామచంద్రారెడ్డి వందెకరాలు ఇచ్చాడు. ఊరి పేరు ముందు భూదాన్ చేరింది. ఇంకోవైపు, ఆ ఆఖరి నిజామే యాదగిరిగుట్ట గుడికి 82,825 రూపాయలు ఇచ్చాడని పత్రికల్లో తరచూ చదువుతుంటాం. పుణెలో మహాభారతం ప్రామాణిక ప్రతి తయారుచేసే భండార్కర్ సంస్థకు ధనసాయం చేసింది కూడా ఆయన సర్కారే. రామప్ప గుడి మీద తొలినాళ్లలో పుస్తకం రాసింది ఆయన పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ. ఇవన్నీ చెప్పినా ఆ పెద్దాయన తల్లి గుర్తుంచుకున్న రాత్రి చెరిగిపోదు, చెరిగిపోవాలని అడిగే హక్కు కూడా నాకు లేదు. నేను అడగగలిగిందల్లా ఆ రాత్రి కోపాన్ని మూడు వందల డెబ్బై ఏళ్ల వెనక్కి మోసుకుపోయి ఇబ్రహీం మీద వేయొద్దనీ, ఇబ్రహీం చేసిన కొల్లను ముందుకు తెచ్చి కుట్టుమిషను మీద వేయొద్దనీ.

మర్నాడు నేను నల్లగొండ వైపు పోతుంటే మనవడు నేనూ వస్తానన్నాడు. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి దాటి నల్లగొండ చేరి, అక్కణ్ణుంచి ఆటోలో పానగల్లు. కందూరు చోళుల కాలపు ఊరు. ఉదయసముద్రం కట్ట మీద నిలబడితే ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు పచ్చటి వరి మళ్లు. ఊళ్లో పచ్చల సోమేశ్వరం, ఊరి బయట మళ్ల మధ్యలో ఛాయా సోమేశ్వరం. ఛాయా సోమేశ్వరంలో ఒక మంటపం చుట్టూ మూడు గర్భగుళ్లు. వాటిలో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. ఆ కుర్రాడు ఇంజినీరింగు బుద్ధితో నాలుగు స్తంభాల దగ్గరా నిలబడి, చెయ్యి అడ్డం పెట్టి, వెలుగు ఎక్కడి నుంచి పడుతోందో వెతికాడు. నేను పచ్చల సోమేశ్వరం గోడల మీద రామాయణ, భారత కథల బొమ్మలు అతనికి చూపించాను. అన్నీ అరచేయంత బొమ్మలు. వంగి దగ్గరగా చూస్తే గానీ కథ అందదు.

ఇబ్రహీం ఏలుబడి తొలి రోజుల్లో రహమతుల్లా అనే అధికారి ఈ ఉదయసముద్రాన్ని బాగుచేయించాడు. ఆ సంగతి ఇక్కడి శాసనాల్లో ఉంది. సోమేశ్వరాలయాల పక్కనే, అదే సుల్తాను పేరు మీద. నేను ఇది చెప్పినా కుర్రాడు వెనక్కి తగ్గలేదు. "చెరువు బాగుచేస్తే గుడి దోసింది మాఫ్ అయితదా సార్?"

"కాదు" అన్నాను. "చెరువు చెరువు లెక్కే, గుడి గుడి లెక్కే. ఒకదానిలోంచి ఒకటి తీసేసి మిగిలింది ఇబ్రహీం అనుకోవడానికి లేదు."

"ఈ గుళ్లు నిలబడ్డయంటే ఆయన మంచోడని అర్థమా?"

ఆ ప్రశ్న కూడా మంచిదే. నిలిచిన గుడి చూపించి ఏదీ కూలలేదనడం ఎంత తప్పో, చెయ్యి విరిగిన ప్రతి విగ్రహాన్నీ చూపించి తురకలే విరిచారనడం అంతే తప్పు. చోళులు, కాకతీయులు, రెడ్లు, వెలమలు, బహమనీలు, గజపతులు ఒకరి తర్వాత ఒకరు గుర్రాలు తోలిన నేల ఇది. వానలకు, నిధుల దొంగలకు, మన నిర్లక్ష్యానికి పోయినవీ తక్కువేమీ కావు. తేదీ, పేరు ఉన్న సాక్ష్యం దొరికిన చోట గట్టిగా చెప్పాలి. అహోబిలంలో దొరికింది, చెబుతున్నాం. సాక్ష్యం లేని విరిగిన ముక్కుకు ఒక మతం పేరు పెట్టడానికి నేను ఒప్పుకోను.

ఆ అహోబిలం శాసనం గురించి నన్ను ఎక్కువగా కదిలించే సంగతి ఒకటి కుర్రాడికి కట్ట మీద కూర్చుని చెప్పాను. దాన్ని వేయించినవాళ్లు గాయపడినవాళ్లు. స్వామి సొమ్ము పోయి, సేవలు తప్పి, ఏళ్ల తరబడి క్షేత్రం పరాధీనమైనవాళ్లు. కోపం ఉండటానికి వాళ్ల కంటే ఎక్కువ హక్కు ఎవరికీ లేదు. అయినా వాళ్లు రాతి మీద చెక్కించింది ఎవరు వచ్చారు, ఎవరితో కలిసి వచ్చారు, ఎన్నేళ్లున్నారు, ఎవరు విడిపించారు అన్నది. ఇభరాముడి పేరు దాచలేదు, హండేవాళ్ల పేరూ దాచలేదు. వాళ్లు చెక్కించిన పేర్లను మనం రెండు వైపుల నుంచీ గీకేస్తున్నాం. సామరస్యం కావాలనేవాళ్లు ఇభరాముణ్ణి గీకేస్తారు. కయ్యం కావాలనేవాళ్లు హండేవాళ్లను, మురహరి రావును గీకేస్తారు.

"మరి మీరు బడి పుస్తకం రాస్తే ఏం రాస్తరు సార్?"

"సింగరాచార్యుల సన్మానం, అహోబిలం కొల్ల రెండూ ఒకే పేరాలో రాస్తాను. మధ్యలో 'అయినప్పటికీ' అనే మాట పెట్టను."

అతను కొంచెం సేపు చెరువు వైపు చూశాడు. "ఒకే పేరా అంటే సరే. ఏది ముందు?"

నేను తేదీల ప్రకారం అన్నాను. అతను ఒప్పుకోలేదు. తేదీల ప్రకారం రాస్తే కొల్ల చివర్న వస్తుంది, చదివే పిల్లలకు అదే గుర్తుంటుంది అన్నాడు. నిన్నటిదాకా అహోబిలం ఎందుకు దాస్తున్నారని నన్ను నిలదీసిన కుర్రాడు ఇతనే. అట్లయితే కొల్ల ముందు రాద్దామా అంటే, అప్పుడు సన్మానం దానికి సంజాయిషీ లాగా కనిపిస్తుంది, అది గూడ కరెక్టు కాదు అన్నాడు. నల్లగొండ బస్టాండుకు తిరిగి వచ్చేదాకా ఆటోలో మాకు ఇదే వాదన. ఆటో అతనూ ఒక మాట వేశాడు, మరింగంటివాళ్ల ఊరు కనగల్లు ఇక్కడికి దగ్గరే, చూపిస్తానని.

పోచంపల్లి పోవడానికి బస్సు ఎక్కుతూ కుర్రాడు కిటికీలోంచి అన్నాడు. "సార్, నేను మొత్తం ఒప్పుకోలే. కానుక తీసుకున్నోడే అసలు దొంగ అని నా మాట. కాని నాకు వీడియో పంపినోన్ని మురహరి రావు పేరు ఎందుకు తీసేసిన్రో అడుగుత. చాచా ముందటనే అడుగుత."

నేను కనగల్లు ఆటో ఎక్కాను.